షుగర్ ఉన్నవాళ్లు ఉన్నట్టుండి పడిపోతే ఏం చేయాలి, పడిపోకుండా ఏం చేయాలి

పోయిన వేసవిలో ఒకరోజు పదకొండు గంటల వేళ కర్నూలులోని మా మెడికల్ షాపు మెట్ల మీద ఒక పెద్దాయన కూలబడ్డాడు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. ఎండకు పట్టిన చెమటేమో అనుకున్నాం. పేరడిగితే ఏదో గొణిగాడు, చేయి పట్టుకుంటే విదిలించుకున్నాడు. పక్కన టీ కొట్టు దగ్గరున్నవాళ్లు "పొద్దున్నే పట్టించినట్టుండాడు, వదిలేయ్ అన్నా" అన్నారు. ఆయన కొడుకు మాత్రం ఏడుపు గొంతుతో "మా నాయనకు తాగే అలవాటే లేదన్నా, షుగర్ ఉంది" అన్నాడు. షుగర్ మీటరు పెట్టి చూస్తే 42, అంటే బాగా తక్కువ.

సంగతేమిటంటే, వాళ్లు పత్తికొండ దిక్కు పల్లె నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చారు. పరగడుపున రక్తపరీక్షకు రమ్మని ఒక ల్యాబ్ వాళ్లు చెప్పారు. ఏమీ తినకుండా రమ్మన్నారు గానీ, షుగర్ బిళ్ళ వేసుకోకుండా రమ్మని చెప్పలేదు. పెద్దాయన బిళ్ళ రోజూలాగే వేసుకున్నాడు, రోజూ తినే సంగటి మాత్రం తినలేదు. బస్సులో రెండు గంటలు, ల్యాబ్ దగ్గర లైనులో ఇంకో గంట. బిళ్ళ తన పని తాను చేసుకుపోయింది.

ఇన్నేళ్లుగా షాపులో కూర్చుని చూస్తున్నా. షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వచ్చేది మామూలు రోజున చాలా తక్కువ. పరీక్షకు పోయిన రోజు, వాంతులైన రోజు, ఉపవాసం రోజు, పెళ్లికో తిరునాళ్లకో పోయిన రోజు, మిరపకాయల కోతకని గుంటూరు దిక్కు సుగ్గికి పోయిన నెల. అంటే తిండి, మందు, పని, ఈ మూడింట్లో ఏదో ఒకటి మారిన రోజు. అందుకే కింద చెప్పేవన్నీ ఆ మారిన రోజుల కోసం. మందు మోతాదు మార్చే అధికారం నాకు లేదు, మీకూ లేదు, అది డాక్టరు పని. కానీ డాక్టరు దగ్గరికి చేరేలోపు ఉండే పది నిమిషాలు మీ ఇంటివే.

ముందు మీ ఇంట్లో ఉన్న మందు ఏదో తెలుసుకోండి

"షుగర్ బిళ్ళలు ఇయ్యన్నా" అంటారు చాలామంది. ఏ బిళ్ళ అంటే "అదే, తెల్లది" అంటారు. ఈ రోజే ఆ స్ట్రిప్పు తిరగేసి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న లోపలి మందుల పేర్లు చదవండి. ఇంగ్లీషు రాకపోతే స్కూలుకు పోయే పిల్లలతో చదివించండి. ఒక్క బిళ్ళలో రెండు మూడు మందులు కలిసి ఉండటం మామూలే.

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ అనే పేర్లలో ఏదైనా ఉంటే, లేదా ఇన్సులిన్ వాడుతుంటే, ఆ మనిషికి షుగర్ ఒక్కసారిగా పడిపోయే అవకాశం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు అలా పడిపోవడం అరుదు. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే, వాంతుల రోజు గురించి కింద చెప్పింది తప్పకుండా చదవండి. వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే ఇంట్లో గ్లూకోజు పొడి డబ్బా ఉండి తీరాలి. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

షుగర్ పడిపోయినప్పుడు

70 కంటే తగ్గితే లో షుగర్ కిందే లెక్క. 54 కంటే తగ్గితే మెదడుకు తిండి అందడం లేదని అర్థం. మొదట ఒళ్లంతా చెమట, చేతులు వణకడం, గుండె దడ, తట్టుకోలేనంత ఆకలి వస్తాయి. అది దాటితే మనిషి తీరు మారుతుంది. ఊరికే కోపం, అడిగినదానికి పొంతన లేని జవాబు, ముద్దగా వచ్చే మాట, తూలే నడక. తాగినవాడి మాదిరి కనిపించేది ఈ దశలోనే. చాలామందిని రోడ్డు పక్కన అలాగే వదిలేసి పోతుంటారు.

కొందరికి మొదటి హెచ్చరికలు రావు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లు, మాటిమాటికీ లో అయ్యేవాళ్లు వణుకూ దడా లేకుండానే తికమకలోకి జారిపోతారు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ రకం బిళ్ళ వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు గానీ చెమట మాత్రం పడుతుంది. నిద్రలో లో అయితే పీడకలలు వస్తాయి, పరుపు తడిసి ఉంటుంది, లేచేసరికి తలనొప్పి ఉంటుంది. "రాత్రంతా కలవరించినాడు" అని ఇంటావిడ చెప్తే, ఆ రోజు రాత్రి మూడు గంటలకు ఒకసారి మీటరు పెట్టి చూడండి.

చేయాల్సింది ఈ వరుసలో చేయండి.

1. మనిషిని కూర్చోబెట్టండి. బండి మీద ఉంటే బండి ఆపించండి. మీటరు చేతికందేంత దూరంలో ఉంటే చూడండి. లేకపోతే దానికోసం ఇల్లంతా వెతకొద్దు, ముందు చక్కెర ఇచ్చేయండి. ఒకవేళ అది హై షుగర్ అయినా మూడు చెంచాల చక్కెరతో కొంప మునగదు. లో అయ్యి, ఆలస్యం చేస్తే మాత్రం మునుగుతుంది.

2. పదిహేను గ్రాముల తీపి కడుపులో పడాలి. గ్లూకోజు పొడి అయితే మూడు టీస్పూన్లు నిండుగా, ఇంట్లో చక్కెర అయితే మూడు నాలుగు టీస్పూన్లు, కొంచెం నీళ్లలో కలిపి తాగించండి. బజారులో ఉంటే అర గ్లాసు నన్నారి షర్బత్ గానీ చక్కెర వేసిన చీనీ (బత్తాయి) రసం గానీ చాలు. మామూలు రోజుల్లో షుగర్ వాళ్లు ఆమడ దూరంలో ఉండాల్సిన నన్నారి బండి ఆ పది నిమిషాలు మాత్రం మందు దుకాణమే.

3. పదిహేను నిమిషాలు ఆగండి. ఇదే కష్టం. భయంతో లడ్డూ, అరటిపండు, ఇంకో గ్లాసు అంటూ పెడుతూనే పోతే గంట తర్వాత మీటరు 350 చూపిస్తుంది.

4. మళ్లీ చూడండి. ఇంకా 70 కిందే ఉంటే అంతే తీపి ఇంకోసారి ఇవ్వండి. మూడుసార్లు ఇచ్చినా లేవకపోతే ఆసుపత్రికి బయలుదేరండి.

5. 70 దాటాక, భోజనం ఇంకా గంటకు మించి దూరం ఉంటే రెండు బిస్కెట్లో, ఒక జొన్న రొట్టె ముక్కో, గుప్పెడు బొరుగులో తినిపించండి. తీపి తొందరగా ఎక్కుతుంది, తొందరగా దిగిపోతుంది. ఈ రెండో తిండి ఆ దిగేదాన్ని ఆపడానికి.

చాక్లెట్, పాలకోవా, మైసూర్‌పాక్ ఇవ్వొద్దు. వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి తొందరగా పోనివ్వదు. ఇక వోగ్లిబోస్, అకార్బోస్ సంగతి. ఈ మందులు చేసే పనే పేగులో చక్కెర విడిపోకుండా ఆలస్యం చేయడం. ఇవి వేసుకున్న మనిషికి లో అయినప్పుడు ఇంట్లో చక్కెర పెట్టినా అది కడుపులో నింపాదిగా కూర్చుంటుంది. నేరుగా రక్తంలోకి పోయేది గ్లూకోజే. అందుకే గ్లూకోజు పొడి డబ్బా ఉండాలని చెప్పింది. కొనేటప్పుడు రంగుల బొమ్మ చూసి ఏదో ఎనర్జీ పొడి తీసుకోకుండా, గ్లూకోజు అని రాసి ఉందా లేదా చూసుకోండి.

మా మెట్ల మీద కూర్చున్న పెద్దాయన పావుగంటలో "ఏమైంది నాయనా, అందరూ నా చుట్టూ నిలబడినారు" అన్నాడు. కొడుకు అక్కడినుంచే ఇంటికి బస్సెక్కిద్దామని చూశాడు. నేను పోనివ్వలేదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి ఒంట్లో చాలాసేపు ఉంటాయి. ఒకసారి లేచిన షుగర్ రెండు గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. వయసు పైబడినవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు అయితే మందు బయటికి పోవడం ఇంకా ఆలస్యం. అలాంటివాళ్లను ఒక రోజు ఆసుపత్రిలో పెట్టుకుని చూడాల్సి వస్తుంది. పెద్దాయన పెద్దాసుపత్రిలో ఒక రాత్రి ఉన్నాడు. రాత్రి పదకొండుకు మళ్లీ 60 చూపించిందని కొడుకు తర్వాత వచ్చి చెప్పాడు.

పరగడుపు పరీక్షకు పోయేటప్పుడు బిళ్ళను, ఇన్సులిన్‌ను, టిఫిన్ డబ్బాను మూడింటినీ సంచిలో పెట్టుకుని పోండి. రక్తం ఇచ్చాక డాక్టరు చెప్పిన వరుసలో వేసుకుని అక్కడే తినండి. ల్యాబ్ దగ్గర లైను పెద్దగా ఉంటే "నాకు షుగర్, పరగడుపున వచ్చినా" అని గట్టిగా చెప్పండి. మొహమాటపడొద్దు.

పిలిస్తే పలకకపోతే

నోట్లో ఏమీ పోయకండి. నీళ్లు కూడా వద్దు. మింగలేని మనిషి నోట్లో పోసిన చక్కెర నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉల్లిపాయ వాసన చూపించడం, ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఇవన్నీ మానేయండి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు ముందుకు మడిచి, తల కొంచెం వెనక్కు వంచండి. నోట్లో నురగ, వాంతి ఉంటే బయటికి కారిపోతుంది. కట్టుడు పళ్లు ఊడి ఉంటే తీసేయండి. ఊపిరి ఆడుతోందా లేదా చూస్తూ ఉండండి.

108కు ఫోన్ చేసినప్పుడు కంగారులో "తొందరగా రండి" అని పెట్టేయకండి. ఊరు, మండలం, దగ్గర్లోని గుర్తు చెప్పండి. రాముల గుడి పక్కన, రచ్చబండ దగ్గర, ఏది అందరికీ తెలిస్తే అది. "షుగర్ పేషెంటు, స్పృహ లేదు, ఇన్సులిన్ వాడతాడు" అనే మూడు మాటలు ముందే చెప్పండి. ఒక మనిషిని రోడ్డు మీదికి పంపి అంబులెన్సుకు దారి చూపించమనండి. మందుల సంచి మొత్తం వెంట ఇవ్వండి. ఆసుపత్రిలో నరానికి గ్లూకోజు ఎక్కిస్తే అప్పటిదాకా కట్టెలా పడున్న మనిషి చాలాసార్లు చూస్తుండగానే కళ్లు తెరుస్తాడు.

షుగర్ మెల్లగా పైకి పోయినప్పుడు

లో షుగర్ నిమిషాల్లో వస్తుంది. హై షుగర్‌తో వచ్చే ప్రమాదం రోజుల తరబడి నానుతూ వస్తుంది. అందుకే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

పెద్దవయసు వాళ్లలో ఒక తీరు ఉంటుంది. జేజికి నాలుగు రోజులుగా దాహం ఎక్కువైంది, మాటిమాటికీ మూత్రానికి లేస్తోంది, తర్వాత మెల్లగా మాట తగ్గింది, ఎప్పుడూ నిద్రలోనే ఉంటోంది. "వయసైపోయింది, ఎండలు కూడా ఎక్కువే కదా" అనుకుంటారు. మీటరు పెడితే అంకె రాదు, ఇంగ్లీషులో హెచ్, ఐ అనే రెండు అక్షరాలు వస్తాయి. ఒకబ్బాయి అది చూసి "మిషను హాయ్ అంటోందన్నా" అని నవ్వుకుంటూ వచ్చాడు. చాలా మీటర్లలో ఆ రెండక్షరాలకు అర్థం 600 దాటిపోయింది, ఇక నేను కొలవలేను అని. ఒంట్లో నీరంతా మూత్రంలో పోయి రక్తం చిక్కబడిపోయి ఉంటుంది. ఇది ఇంట్లో నీళ్లు తాగించి సరిచేసేది కాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

చిన్న వయసు వాళ్లలో, ఇన్సులిన్ మీదనే బతికే టైప్ 1 పిల్లల్లో ఇంకో తీరు. ఇన్సులిన్ మానేసినా, జ్వరం వచ్చినా ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. కడుపునొప్పి, వాంతులు, బాగా పండిన పండు వాసనలాంటి ఊపిరి, పరుగెత్తి వచ్చినట్టు లోతుగా వేగంగా ఆడే శ్వాస. చూసేవాళ్లకు అది గ్యాస్ నొప్పిలా కనిపిస్తుంది. అంతవరకూ షుగర్ ఉందని కూడా తెలియని పిల్లల్లో మొదటిసారి ఇలాగే బయటపడొచ్చు. అప్పటికి కొన్ని వారాలుగా పిల్లోడు బాగా చిక్కిపోతుంటాడు, నీళ్లు బిందెలకు బిందెలు తాగుతుంటాడు, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవుతుంది. వాంతులతో ఉన్న అలాంటి పిల్లోడిని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే "ఒకసారి షుగర్ కూడా చూడండి సార్" అని మీరే అడగండి. వేలి చివర ఒక్క చుక్క రక్తం చాలు.

పల్లెల్లో జరిగే ఒక పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి. నీరసంగా ఉందంటే గ్లూకోజు ఎక్కించుకోవడం మనకు అలవాటు. సీసాలో ఉన్నది ఏదైనా సరే దాన్ని గ్లూకోజు బాటిల్ అనే అంటాం. ఐదు శాతం డెక్స్‌ట్రోజు (గ్లూకోజుకే ఇంకో పేరు) ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. డి.ఎన్.ఎస్. అని రాసిన, ఉప్పు కూడా కలిసిన సీసాలోనూ అంతే. షుగర్ 500 ఉండి నీరసించిన మనిషికి దాన్ని ఎక్కిస్తే నిప్పు మీద నెయ్యి పోసినట్టే. ఎవరు సూది గుచ్చడానికి వచ్చినా ముందు "ఈమెకు షుగర్ ఉంది, మీటరు చూసి పెట్టండి" అనండి. అలాగే కీళ్ల నొప్పులకని ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లలో, ఆయాసం బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది పడిన రోజు నుంచి కొన్ని రోజులు షుగర్ ఆకాశంలో ఉంటుంది. వేసేది ఏమిటో అడిగి, వేసుకున్నాక రోజుకు రెండు మూడుసార్లు చూసుకోండి.

జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు

"ఏమీ తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకని మానేసినా." నేను విన్నవాటిలో నాకు ఎక్కువ భయం పుట్టించే మాట ఇదే. జ్వరంలో తినకపోయినా షుగర్ పెరుగుతుంది, ఎందుకంటే ఒళ్లు రోగంతో పోరాడటానికి కాలేయం నుంచి చక్కెర వదులుతుంది. ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. ఎంత వేయాలో డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. టైప్ 1 వాళ్లయితే ఈ మాట గోడ మీద రాసుకోవాలి.

బిళ్ళల సంగతి వేరు. తిండి లోపలికి పోకపోతే గ్లిమిపిరైడ్ రకం బిళ్ళ షుగర్‌ను పడేస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ ఇబ్బంది పెడుతుంది. గ్లిఫ్లోజిన్ రకం అయితే మోసం ఇంకా ఎక్కువ, మీటరు 200 కూడా చూపించకపోయినా లోపల కీటోన్లు పేరుకుపోవచ్చు. అందుకే వాంతులు మొదలైన రోజే, నిలబడి నీళ్లు తాగలేని స్థితి రాకముందే, డాక్టరుకు ఫోన్ చేసి "ఈ మూడు బిళ్ళల్లో ఏది ఆపాలి" అని పేరు పెట్టి అడగండి. ఆపరేషన్ ఉందంటే గ్లిఫ్లోజిన్ వాడుతున్న సంగతి వారం ముందే చెప్పండి. దాన్ని సాధారణంగా మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు.

ఆ రోజు నాలుగు గంటలకోసారి మీటరు చూడండి. గంటకో గ్లాసు చొప్పున నీళ్లు, పలుచని మజ్జిగ, ఉప్పేసిన గంజి తాగించండి. కిడ్నీ, గుండె జబ్బులకు నీళ్లు తగ్గించమన్నవాళ్లు డాక్టరును అడిగే తాగాలి. విరేచనాలు ఎక్కువైతే ఓ.ఆర్.ఎస్. తాగొచ్చా అని అడుగుతారు, తాగొచ్చు. లీటరు నీళ్లలో కలిపే అసలైన పొడిలో 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, అది ఉప్పును ఒంట్లోకి తీసుకుపోవడానికి. దాని పేరు చెప్పి అమ్మే తియ్యటి పానీయాల డబ్బాలు వేరు, అవి వద్దు.

మీటరు 250 దాటి దిగకపోతే మెడికల్ షాపులో మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు దొరుకుతాయి, ఒకటి ముంచి చూడండి. రంగు ముదిరితే ఆసుపత్రి. పట్టీ దొరికినా దొరకకపోయినా సరే, ఆరు గంటలుగా వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా ఆడినా, మనిషి మత్తుగా ఉన్నా ఆసుపత్రే.

మీటరు చూసేముందు చేయి సబ్బుతో కడిగి తుడవాలి. బంగినపల్లి మామిడి తిన్న వేలితో చూసి 400 వచ్చిందని పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను. కడిగి చూస్తే 160.

ఇన్సులిన్, సిరంజి, మన ఎండలు

మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం. పెన్నుల్లో వాడేది 100 యూనిట్ల రకం. సిరంజిలూ రెండు రకాలే, 40ది ఎర్ర మూత, 100ది నారింజ రంగు మూత. సీసా, సిరంజి జత కలవకపోతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే పోయేది 8 యూనిట్లే. మొదటిది లో చేస్తుంది, రెండోది హై చేస్తుంది, ఇంట్లోవాళ్లకు కారణం మాత్రం అంతుపట్టదు. "సూదులు ఇయ్యండి" అనకుండా ఖాళీ సీసా చేతిలో పట్టుకుని వచ్చి చూపించి తీసుకోండి. షాపువాడు తొందరలో ఉన్నా మీరు తొందరపడొద్దు. షాపువాడినే చెప్తున్నా.

కర్నూలు, అనంతపురం ఎండలు 40 దాటితే ఇన్సులిన్ చెడిపోతుంది. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. వాడుతున్న సీసాను చల్లటి చోట సాధారణంగా నాలుగు వారాలు వాడొచ్చు, తెరిచిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టి కుండ చక్కగా పనికొస్తుంది. నీళ్లున్న కుండ లోపల, తడవకుండా మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి, కుండను నీడలో గాలి ఆడేచోట ఉంచండి. మన సీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ బాగా చల్లబడుతుంది. సముద్రం పక్కన ఉక్కపోతలో ఇంత బాగా చల్లబడదు. స్కూటర్ డిక్కీలో పెట్టి చీనీ తోటకు పోయి సాయంత్రం వేసుకుంటే అది నీళ్లతో సమానం. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా మారినా, పలుకులు కట్టినా పారేయండి.

చెమట పట్టింది, షుగర్ మాత్రం బాగానే ఉంది

అప్పుడు అమ్మయ్య అనుకోకండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి గుండెపోటు నొప్పి తెలియకుండానే వస్తుంది. చల్లటి చెమట, ఆయాసం, కడుపులో తిప్పడం, చెప్పలేనంత నీరసం, అంతే. మీటరు 140 చూపించి మనిషి ఇలా ఉంటే గ్యాస్ బిళ్ళ వేసి పడుకోబెట్టకుండా ఈసీజీ తీయించండి.

మూతి వంకరపోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట ముద్దైనా ముందు షుగర్ చూడండి, ఎందుకంటే లో షుగర్ కూడా పక్షవాతంలా కనిపిస్తుంది. లో కాకపోయినా, సరిచేసినా తగ్గకపోయినా, మొదలైన టైము కాగితం మీద రాసుకుని స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి పోండి. పక్షవాతం తెచ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. పసరు మందుకు తీసుకుపోయి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది.

కాళ్లు

కాలు కూడా ఎమర్జెన్సీయే అంటే నవ్వుతారు. స్పర్శ పోయిన కాలికి నిప్పు కూడా తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి చుట్టూ బండల మీద ప్రదక్షిణ చేసి, రాత్రి చెప్పులు తీస్తే అరికాలు బొబ్బలతో ఉన్నవాళ్లు మా దగ్గరికి ఆయింట్‌మెంటు కోసం వస్తుంటారు. మొక్కుకుని శ్రీశైలానికి నడిచిపోయేవాళ్లు, గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర నిప్పుల గుండం తొక్కుతామనేవాళ్లు, షుగర్ ఉంటే ముందు కాలికి స్పర్శ ఉందో లేదో డాక్టరుతో చూపించుకోండి. స్పర్శ లేదంటే మొక్కు ఇంట్లో ఇంకొకరు తీర్చినా దేవుడు ఏమీ అనుకోడు. గుడి ఆవరణలో మందపాటి సాక్సులు వేసుకోండి, బయట ఎం.సి.ఆర్. చెప్పులు (మెత్తటి రబ్బరువి) వాడండి, రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి.

పుండు చుట్టూ ఎరుపు పైకి పాకుతున్నా, చీము వాసన వస్తున్నా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే పోవాలి. సంతకు పోయి వచ్చాక కాదు. వేలు దగ్గర ఆగాల్సింది మోకాలి దాకా పోవడానికి రెండు మూడు రోజులు చాలు.

రోజా, మాల, శివరాత్రి

రంజాన్ నెలలో మా షాపులో మీటర్ల అమ్మకం పెరుగుతుంది, సంతోషం. వేలి నుంచి రక్తం తీసి చూసుకుంటే రోజా (ఉపవాసం) చెడదని మతపెద్దలు చాలామంది చెప్తారు. పట్టుదలకు పోకుండా ఆపేయాల్సిన అంకెలు రెండు గుర్తుంచుకోండి. 70 కంటే తగ్గితే, 300 దాటితే, ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే రోజా విడవాలి. తెల్లవారకముందు తినే సహరీ ఎంత ఆలస్యంగా తింటే అంత మంచిది. మందుల వేళలు మార్చుకోవడానికి రంజాన్‌కు ఒకటిన్నర రెండు నెలల ముందే డాక్టరును కలవండి. పెద్దవాళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే లో అయ్యి పడిపోయినవాళ్లు రోజా ఉండకపోవడమే మేలు.

అయ్యప్ప మాల వేసుకుని ఒంటిపూట తినేవాళ్లకు, శివరాత్రి ఉపవాసం, జాగరణ చేసేవాళ్లకు కూడా లెక్క ఇదే. పూట తగ్గిందంటే ఆ పూట మందు సంగతి ముందే తేల్చుకోవాలి. పండగ రాత్రి ఖాళీ కడుపుతో మందు కొడితే కాలేయం చక్కెర వదలడం మానేస్తుంది, తెల్లవారుజామున లో అవుతుంది. తాగి పడుకున్నాడులే అని ఎవరూ లేపరు.

సుగ్గికి పోయేవాళ్లు, దూరపు పెళ్లికి పోయేవాళ్లు మందులు రెండు చోట్ల సర్దుకోండి. ఒక సంచి పోయినా ఇంకోటి ఉంటుంది.

ఇక చివరగా ఒక తెల్లకాగితం తీసుకోండి. షుగర్ ఉన్న మనిషి పేరు, వాడే మందుల పేర్లు, డాక్టరు నంబరు, 108, ఇంటికి గుర్తు, పక్కింటివాళ్ల నంబరు రాయండి. కింద రెండు వాక్యాలు: "మాట్లాడగలిగితే గ్లూకోజు మూడు చెంచాలు. పలకకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పండి." దీన్ని ఫ్రిజ్ తలుపుకో కుండ పైన గోడకో అంటించండి. జేజికి అద్దాలు లేకుండా కనపడేంత పెద్ద అక్షరాలతో రాయండి. మీరు ఆఫీసులోనో పొలంలోనో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది ఆమే. అదే కాగితం ఫోటో తీసి చిన్నగా ప్రింటు చేయించి, షుగర్ ఉన్న మనిషి చొక్కా జేబులో రెండు గ్లూకోజు ప్యాకెట్లతో కలిపి పెట్టండి. చొక్కా ఉతకడానికి వేసేముందు జేబు చూసుకోండి.